సార్స్ తగ్గాక నర్సుల మాటేమిటి?

ఒక అంటువ్యాధి చరిత్ర ఎక్కడ ముగుస్తుంది? చివరి రోగి కోలుకుని ఇంటికి వెళ్ళిన రోజునా? నర్సుల అనుభవం చూస్తే అలా అనిపించదు.

2003లో కెనడాలోని టొరంటో నగరంలో సార్స్ వ్యాధి ప్రధానంగా ఆసుపత్రుల ద్వారానే వ్యాపించింది. ఆ దేశంలో మరణించిన 44 మందిలో ఇద్దరు నర్సులు, ఒక వైద్యుడు ఉన్నారు. ఎందరో నర్సులు ఇల్లు, ఆసుపత్రి తప్ప మరెక్కడికీ వెళ్ళకుండా, ఇంట్లో కూడా విడిగా ఉంటూ పనిచేశారు.

వ్యాధి తగ్గిన 13 నుంచి 26 నెలల తరువాత పరిశోధకులు 769 మంది ఆసుపత్రి సిబ్బందిని ప్రశ్నించారు. సార్స్ రోగులకు చికిత్స చేసిన టొరంటో ఆసుపత్రులలో సుమారు 30 శాతం మందిలో 'బర్నవుట్' కనిపించింది. సార్స్ రోగులను చూడని హామిల్టన్ నగర ఆసుపత్రులలో అది 19 శాతమే.

బర్నవుట్ అంటే ఒక రాత్రి నిద్రతో తీరే అలసట కాదు. దీర్ఘకాలపు పని ఒత్తిడి వల్ల శక్తి హరించుకుపోతుంది. పనిమీద విముఖత కలుగుతుంది. సామర్థ్యం తగ్గిందనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని వ్యాధిగా కాక, వృత్తికి సంబంధించిన స్థితిగా పేర్కొంది. కాబట్టి దీని కారణాలను ముందుగా పనిచేసే పరిస్థితులలో వెతకాలి. టొరంటో పరిశీలన కూడా ఇదే సూచించింది. తగిన శిక్షణ, రక్షణ, నైతిక మద్దతు లభించాయని భావించినవారిలో ఇబ్బందులు తక్కువగా ఉన్నాయి.

2020 మార్చి 22న మన దేశంలో కోవిడ్ సేవకుల కోసం చప్పట్లు కొట్టాం. అది మంచిదే. కానీ చప్పట్లు ఆగాక ఒక నర్సుకు కావలసినవి ఏవి? రక్షణ దుస్తులు, విశ్రాంతి, పక్కన పని పంచుకునే మరో నర్సు. మీ ఊరి ఆసుపత్రిలో ఇవి ఉన్నాయా? తెలుసుకోండి.