దుర్బలత (మానవ పరిశోధనల్లో)

మనుషులపై జరిపే పరిశోధనలో తన మేలు తాను కాచుకోలేని, లేదా ‘వద్దు’ అనే వీలులేని స్థితిని దుర్బలత అంటారు. ఒంటి బలంతో దీనికి సంబంధం లేదు. పిల్లలు, ఖైదీలు, నిరుపేదలు, మానసిక అనారోగ్యం ఉన్నవారు సాధారణంగా ఈ కోవలోకి వస్తారు. అమెరికాలో సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు చికిత్స చేయకుండా పరిశీలించిన టస్కెగీ ఉదంతం (1932–72) తర్వాత, పరిశోధన నైతికతపై వెలువడిన 1979 నాటి బెల్మాంట్ నివేదికతో ఈ ఆలోచనకు ప్రాచుర్యం వచ్చింది.

తెలుగు నేలపై దీనికి ఉదాహరణ ఖమ్మం జిల్లా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను 2009లో అక్కడ 10–14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి వేశారు. అమెరికా సంస్థ పాత్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పని ఇది. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే కార్యక్రమం నడిచింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు బహుశా టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ సంఘం తేల్చింది.

అయితే అసలు తప్పు అంగీకార పత్రాల్లో బయటపడింది. పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకం పెట్టారు. అన్నం పెట్టేది, ఇంటికి పంపేది వార్డెనే అయినప్పుడు పిల్ల కాదనగలదా? అమ్మానాన్నలేమో ఎక్కడో ఊళ్లో ఉంటారు. టీకా మంచిదే కావచ్చు. అడగాల్సినవాళ్లను అడగలేదన్నది వేరే లెక్క. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఈ తీరును తీవ్రంగా తప్పుపట్టింది.

దుర్బలత మనిషికి అంటిపెట్టుకుని ఉండే గుణం కాదని, పరిస్థితిని బట్టి పొరలు పొరలుగా ఏర్పడుతుందని అర్జెంటీనా తత్వవేత్త ఫ్లోరెన్సియా లూనా వాదించారు. ఆశ్రమ పాఠశాల బాలిక విషయంలో వయసు, పేదరికం, భాష, హాస్టల్ క్రమశిక్షణ ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి.

ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు దుర్బలులకు ఒక అధ్యాయమే కేటాయించాయి. తల్లిదండ్రుల అనుమతితోపాటు ఏడేళ్లు దాటిన పిల్లల ఇష్టాన్నీ అడగాలన్నాయి. కొత్త రసాయన ఔషధాల ట్రయల్స్‌లో దుర్బలుల సమ్మతిని వీడియో తీయాలని కేంద్ర ప్రభుత్వ 2019 నిబంధనలు చెబుతాయి. హెచ్‌ఐవీ, కుష్ఠు మందులకు మాత్రం మాటలు రికార్డు చేస్తే చాలు. అక్కడ ముఖం బయటపడటమే మరో ప్రమాదం.