ఆర్మడా: ఒక నౌకాపదం అర్థపరిణామం

ఆంగ్లభాషలోకి ‘ఆర్మడా’ అనే పదం 1588 నాటి యుద్ధంతో వచ్చిందన్న అభిప్రాయం కొంత ప్రచారంలో ఉంది. స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ ఇంగ్లండుపైకి దాదాపు 130 నౌకలను పంపిన ఆ ఘట్టానికున్న ప్రసిద్ధి అటువంటిది. అయితే 1530ల నాటికే ఈ పదం ఆంగ్ల రచనలలో కనిపిస్తుంది. యుద్ధం వల్ల దానికి సంక్రమించింది కొత్త అర్థచ్ఛాయ మాత్రమే.

లాటిన్‌లో ‘ఆర్మారే’ అంటే ఆయుధాలు సమకూర్చడం. దాని భూతకాల కృదంత స్త్రీలింగరూపం ‘ఆర్మాతా’. స్పానిష్‌లో తకారం దకారమై ‘ఆర్మడా’ అయింది. ‘సాయుధమైనది’ అన్న విశేషణమే నామవాచకంగా స్థిరపడింది. ఓడను గాని సముద్రాన్ని గాని సూచించే అంశమేదీ ధాతువులో లేదు. కవచం వంటి పైపెంకు గల ‘ఆర్మడిల్లో’ అనే జంతువు పేరు ఈ కుటుంబానిదే. ఇదే కృదంతం ఫ్రెంచి ద్వారా ఆంగ్లంలో ‘ఆర్మీ’గా భూసేనకు రూఢమైంది. స్పానిష్‌లో భూసేనకు ‘ఎహెర్సితో’ అనే వేరొక పదం ఉండగా, ‘ఆర్మడా’ నౌకాబలానికి నిలిచింది.

ఆంగ్లంలో తొలిరూపం ‘ఆర్మడో’ కావడం గమనార్హం. షేక్స్‌పియర్ ‘కింగ్ జాన్’లో వాడినది ఈ రూపమే; మరొక నాటకంలో డంబాలు పలికే స్పానిష్ పాత్రకు ఇదే పేరు పెట్టాడు. ఓకారాంతమైతేనే స్పానిష్ పదమనిపిస్తుందన్న భ్రమ నాటి ఆంగ్ల రచయితలకు ఉన్నట్లుంది. ‘బ్రవాడా’ను ‘బ్రవాడో’గా మార్చినదీ ఈ అతిసవరణే. నామవాచకాలకు వ్యాకరణలింగం లేని భాష, అరువు తెచ్చుకున్న స్త్రీలింగపదానికి పుంలింగ ప్రత్యయం తొడగడం ఒక వింత.

ఫిలిప్ నౌకాసమూహాన్ని స్పెయిన్ వారు ‘మహత్తర, పరమభాగ్యశాలి ఆర్మడా’ అన్నారు. ‘అజేయ’ అన్న విశేషణం ఓటమి తరువాత వ్యంగ్యంగా వ్యాపించింది. ఆ తరువాత ఆంగ్లంలో ఈ పదం ముంచుకువచ్చే మహాసమూహానికి పేరైంది. 20వ శతాబ్దిలో యుద్ధవిమానాల గుంపులకూ అన్వయించింది. అయినా ఆంగ్లేయులు తమ స్థిర నౌకాబలానికి ‘నేవీ’ అనే పేరునే ఉంచుకున్నారు. ‘ఆర్మడా’లో ఎదుటివాడి బలమన్న ధ్వని మిగిలింది.

స్పెయిన్‌లో అటువంటి ధ్వని లేదు. నేటికీ ఆ దేశ నౌకాదళం అధికారిక నామం ‘ఆర్మడా’యే. కనుక తెలుగులో ‘నౌకాదళం’ అన్న అనువాదం స్పానిష్ మూలానికి చక్కగా సరిపోతుంది. ఆంగ్ల రచన నుండి అనువదించేటప్పుడు అదే మాట పదంలోని భయాన్ని జారవిడుస్తుంది. అక్కడ ‘ఆర్మడా’ను యథాతథంగా ఉంచడమో, సందర్భాన్ని బట్టి ‘దండెత్తివచ్చిన నౌకాసమూహం’ అనడమో మేలు.