బ్లాక్ గ్రాంటు
రాష్ట్ర ప్రభుత్వం తన విశ్వవిద్యాలయాలకు ఏటా బడ్జెట్లో ఏకమొత్తంగా కేటాయించి, విడతలవారీగా విడుదల చేసే నిర్వహణ నిధిని బ్లాక్ గ్రాంటు అంటారు. పేరుకు ఇది విశ్వవిద్యాలయం తన అవసరాలను బట్టి వాడుకోదగిన సొమ్మే అయినా, ఉస్మానియా (1918), ఆంధ్ర (1926) వంటి పాత విశ్వవిద్యాలయాల్లో విశ్రాంత ఉద్యోగులు ఎక్కువ కావడంవల్ల, ఇందులో సింహభాగం జీతాలకూ పింఛన్లకూ పోగా ప్రయోగశాలలకూ గ్రంథాలయాలకూ మిగిలేది స్వల్పం. ఆ లోటును పరీక్ష రుసుములతోనూ, ఖర్చంతా విద్యార్థుల ఫీజులమీదే నడిచే స్వయంపోషక కోర్సుల రాబడితోనూ పూడ్చుకోవాలి. బలహీనవర్గాల విద్యార్థుల తరఫున ప్రభుత్వం చెల్లించవలసిన బోధన రుసుము బకాయిపడితే, ఆ దారీ ఇరుకవుతుంది. 2013లో మొదలై 2023 దాకా ఈ పేరుతో నడిచిన రాష్ట్రీయ ఉచ్చతర్ శిక్షా అభియాన్ కింద, సాధారణంగా కేంద్ర, రాష్ట్రాలు 60:40 నిష్పత్తిలో భరించిన నిధులు ప్రధానంగా భవనాలకూ పరికరాలకూ ఉద్దేశించినవి కనుక, నెలనెలా జీతాల కటకటను అవి తీర్చలేకపోయాయి.