పద్యానికి మైకు దొరికిన రోజులు

ఆ కొబ్బరి మట్ట మంటలోకి కాస్త లోపలికి తొయ్యరా చిన్నోడా, పొగంతా ఇటే కొడుతోంది. ఆఁ, ఇప్పుడు బావుంది. పాడేవాళ్లలో ఎవరు గొప్ప తాతయ్యా అని మీ అక్క అడిగింది గదా. ఘంటసాల అని ఎవర్నడిగినా చెబుతారు, నేనూ అదే చెబుతాను. కాకపోతే జనం ‘దేవదాసు’ పాటలు తలుచుకుంటారు. నేను ఆయన పద్యం సంగతి చెబుతాను.

దానికి ముందు నాటకాల సంగతి తెలియాలి. మా తెనాలి వైపు పంట ఇంటికొచ్చాక నాటకం ఆడించని ఊరు లేదు. కాంట్రాక్టు నాటకాలనేవాళ్లం. కాంట్రాక్టరు తలా ఒక ఊరి నుంచి నటుల్ని పట్టుకొచ్చేవాడు. కృష్ణ రాయబారం అయితే ఒకే రాత్రికి ఇద్దరు ముగ్గురు కృష్ణులు! పడక సీనుకి ఒకాయన, రాయబారం సీనుకి ఇంకొకాయన. కరపత్రంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని వేసేవాళ్లు. ఈలపాట రఘురామయ్య, షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి, వీళ్లలో ఒక్క పేరు కనబడితే చాలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. రఘురామయ్యగారైతే నోట్లో వేలు పెట్టుకుని పద్యాన్ని ఈలతో వినిపించేవారు.

పెట్రోమాక్స్ లైట్లు, కింద చాపలు. మైకు లేదు. ఆఖరి చాప మీద కునికిపాట్లు పడే ముసలమ్మకి కూడా వినపడాలంటే గొంతు పై శ్రుతిలో పెట్టాల్సిందే. పద్యం నాలుగు పాదాలూ ఇట్టే అయిపోయేవి. అసలు కథ ఆ తర్వాత. చివరి అక్షరం పట్టుకుని రాగం ఎత్తుకునేవారు. హార్మోనియం ఆయన వెంటపడేవాడు, కృష్ణుడు దొరక్కుండా పోయేవాడు. చివరికి ఇద్దరూ ఒకచోట కలిసేసరికి ‘వన్స్‌మోర్’ అని కేకలు. మళ్లీ అదే పద్యం. సంధో యుద్ధమో తేలక దుర్యోధనుడు పాపం సింహాసనం మీద అలా కూర్చునే ఉండేవాడు. నవ్వకండర్రా, మాకు అదే సుఖం. మా మేనమామ అయితే రాగం ఎంతసేపు లాగాడన్న దాన్ని బట్టే కృష్ణుడికి మార్కులు వేసేవాడు.

ఘంటసాల వెంకటేశ్వరరావుగారు పుట్టింది 1922లో, గుడివాడ దగ్గర చౌటపల్లిలో. వాళ్ల నాన్నగారు సూరయ్యగారు తరంగాలు పాడుతుంటే పసివాడు నాట్యం చేసేవాడట. తర్వాత విజయనగరం వెళ్లి, మధూకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని తింటూ, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లొచ్చారు. 1945లో ‘స్వర్గసీమ’లో భానుమతిగారితో కలిసి పాడారు. అక్కణ్ణుంచి మీకు తెలిసిందే.

మైకు ముందు నిలబడ్డ మనిషికి అరవాల్సిన పని లేదు. గ్రామఫోను ప్లేటేమో ఒక వైపు మూడు నిమిషాలకి అటూ ఇటూగా అయిపోతుంది, అందులో అంత రాగానికి చోటు లేదు. ఈ రెండూ ఆ కాలంలో అందరికీ వచ్చినవే. వాటిని పట్టుకుని ఆయన పద్యం పాడే తీరునే మార్చేశారు.

‘పుష్పవిలాపం’ అని కరుణశ్రీగారి పద్యాలున్నాయి. కోయడానికొచ్చిన మనిషితో పూలు మొరపెట్టుకుంటాయి. మా ఊళ్లో బియ్యం మిల్లు షావుకారుగారింట్లో గ్రామఫోను ఉండేది. సాయంత్రం ఆ ప్లేటు పెడితే అరుగు మీద చోటుండేది కాదు. మా అమ్మకి అక్షరమ్ముక్క రాదు. రాత్రంతా నాటకం చూసొచ్చాక కృష్ణుడు ఏమన్నాడే అని అడిగితే ‘ఏమోరా, బాగా పాడాడు’ అనేది. అదే మా అమ్మ ఈ ప్లేటు విని ఇంటికొచ్చి, పూలు ఏమన్నాయో మొదట్నుంచి చివరిదాకా నాన్నకి అప్పజెప్పింది.

ఎలాగంటే చెబుతాను. పద్యంలో గణం ఒకచోట విరుగుతుంది, మాట ఇంకోచోట విరుగుతుంది. నాటకంలో చాలామంది ఊపిరి ఆగినచోట ఆగేవాళ్లు. ఈయన మాట ఆగినచోట ఆగేవారు. పెద్ద సమాసం వస్తే ముక్కలు చెయ్యకుండా ఒక్క ఊపిరిలో నడిపించేవారు. ఒత్తు ఒత్తులాగే, దీర్ఘం దీర్ఘంలాగే వినపడేది. దుఃఖం ఉన్నచోట ఏడవరు, గొంతు ఒక మెట్టు దించుతారు, అంతే. రాగం లేదా అంటే ఉంది. పద్యం చివర, కూరలో తిరగమోత పెట్టినంత.

1967లో ‘శ్రీకృష్ణావతారం’ వచ్చింది. రామారావుగారు కృష్ణుడు. తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలు, మేం నాటకాల్లో విన్నవే, ఘంటసాలగారి గొంతులో. మేనమామని బలవంతాన తీసుకెళ్లాను. బయటికొచ్చి ఏమన్నాడో తెలుసా? ‘అంతా బాగానే ఉందిరా, మరి రాగమేదీ?’ చచ్చేదాకా ఒప్పుకోలేదాయన. ఆయన మాటలోనూ న్యాయముంది. మైకు లేకుండా ఊరంతటికీ వినిపించే గొంతు ఇప్పుడెవరికుంది? ఆ సాధనే పోయింది. అయినా నన్ను తేల్చమంటే మా అమ్మ వైపే.

ఇక ‘లవకుశ’, 1963. సంగీతం ఘంటసాలగారిదే. లవకుశులకి పాడింది లీలగారు, సుశీలగారు. సుశీలగారిది విజయనగరం. లీలగారిదేమో కేరళలో పాలక్కాడు దగ్గర చిత్తూరు. ఆ పద్యాల్లో ఒక్క చోట యాస పట్టుకోండి చూద్దాం! బాలు సంగతి ఇప్పుడు అడక్కండి, ‘శంకరాభరణం’ ఒక్కదానికే ఒక రాత్రి కావాలి.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాలగారు పోయారు. యాభై ఒక్కేళ్లు, అంతే. పోయేముందు పాడిన భగవద్గీత ప్లేటు ఆయన పోయాకే బయటికొచ్చింది. ఇప్పుడేమో అది వినపడగానే ‘ఎవరు పోయారు?’ అని గుమ్మంలోకొచ్చి చూస్తున్నారు. శవయాత్ర బండికి కట్టేశారు దాన్ని. నాకు దీని మీదే కోపం. బతికున్నవాడు వినాలని పాడిన పాట అది.

మీ ఫోనుల్లో అన్నీ దొరుకుతాయంటారు గదా. రేపు పొద్దున ‘పుష్పవిలాపం’ పెట్టండి. చెవుల్లో ఎవరికి వాళ్లు గొట్టాలు దూర్చుకోకుండా, నలుగురూ కూర్చుని వినండి. తెలియని మాట వస్తే ఆపి నన్నడగండి, చెబుతాను.