అయస్కాంత క్షేత్ర ఆకృతి - ప్లాస్మా బంధనం

కేంద్రక సంలీన రియాక్టర్లలో మిక్కిలి వేడి గల ప్లాస్మాను పాత్ర గోడలకు తగలకుండా అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచడాన్ని '''అయస్కాంత బంధనం''' అంటారు. ఈ బంధనం ఎంత బాగా నిలుస్తుందనేది క్షేత్రపు తీవ్రత పైననే గాక దాని ఆకృతి పైన కూడా ఆధారపడి ఉంటుంది. గాంధీనగర్ సమీపంలోని ప్లాస్మా పరిశోధన సంస్థలో నిర్మించిన ఆదిత్య, ఎస్.ఎస్.టి.-1 అనే యంత్రాలు ఇందుకు మన దేశపు ఉదాహరణలు.

== బంధనం అవసరం ==
డ్యుటీరియం, ట్రిటియం కేంద్రకాలు రెండూ ధనావేశం గలవి కావున ఒకదానినొకటి వికర్షించుకుంటాయి. అవి కలిసి హీలియంగా మారాలంటే 10 కోట్ల డిగ్రీల సెల్సియస్‌కు మించిన ఉష్ణోగ్రత కావాలి. ఆ వేడిలో ఎలక్ట్రానులు పరమాణువుల నుండి విడిపోయి ప్లాస్మా ఏర్పడుతుంది. ఇది తగిలితే గోడలు కరిగిపోతాయి కాబట్టే అయస్కాంతాలు వాడతారని చాలామంది భావిస్తారు. అది సగమే నిజం. ఈ ప్లాస్మా చాలా పలుచనిది. మామూలు గాలితో పోలిస్తే ఇందులోని కణాల సంఖ్య లక్ష వంతుల్లో ఒక వంతు కూడా ఉండదు. గోడను తాకితే ముందుగా ప్లాస్మాయే చల్లారి చర్య ఆగిపోతుంది.

== గారె ఆకారం ఎందుకు? ==
విద్యుదావేశం గల కణం అయస్కాంత బలరేఖ చుట్టూ సుడులు తిరుగుతుందే గాని దానిని సులభంగా దాటిపోలేదు. కాని రేఖ వెంబడి పోవడానికి అడ్డు లేదు. అందువలన తిన్నని గొట్టంలో కణాలు రెండు కొసల నుండి జారిపోతాయి. కొసల వద్ద క్షేత్రాన్ని బలపరిచి, కణాలను అద్దం వలె వెనుకకు మరల్చే పద్ధతి కూడా ఉన్నది. అయితే రేఖకు దాదాపు సమాంతరంగా పోయే కణాలను అది ఆపలేదు.

కొసలే లేకుండా చేయాలంటే గొట్టాన్ని వంచి రెండు కొసలనూ కలపాలి. అప్పుడది గారె ఆకారం అవుతుంది. గోళం పనికిరాదు. కొబ్బరికాయ పీచును ఎటు దువ్వినా ఎక్కడో ఒకచోట సుడి మిగిలిపోయినట్లే, గోళం మీద బలరేఖలను ఖాళీ లేకుండా పరచడం సాధ్యం కాదు. గారె మీద ఆ చిక్కు లేదు.

మరొక చిక్కు ఉన్నది. గారెలో చిల్లు వైపు క్షేత్రం బలంగాను, వెలుపలి వైపు బలహీనంగాను ఉంటుంది. దీనివలన అయానులు పైకి జరిగితే ఎలక్ట్రానులు కిందికి జరుగుతాయి. వాటి మధ్య ఏర్పడిన విద్యుత్ క్షేత్రం ప్లాస్మా మొత్తాన్ని వెలుపలి గోడ మీదికి నెడుతుంది. దీనికి విరుగుడు బలరేఖలను తాడు పేనినట్లు మెలిపెట్టడం. మెలి ఉన్న రేఖ వెంట పోయే కణం కొంతసేపు గారె పై సగంలోను, కొంతసేపు కింది సగంలోను ఉంటుంది. పైకి జరగడమే దాని స్వభావమైతే, పై సగంలో ప్లాస్మా నడిమి నుండి దూరమైనది కింది సగంలో తిరిగి నడిమికి దగ్గరవుతుంది.

== మెలిపెట్టే పద్ధతులు ==
సోవియట్ శాస్త్రజ్ఞులు సఖరోవ్, తామ్ 1950 ప్రాంతంలో ప్రతిపాదించిన టోకమాక్‌లో ప్లాస్మా గుండానే విద్యుత్తును ప్రవహింపజేసి మెలిని తెస్తారు. అమెరికాకు చెందిన లైమన్ స్పిట్జర్ 1951లో ప్రతిపాదించిన స్టెల్లరేటర్‌లో ఆ మెలి వెలుపలి తీగచుట్టల వంపులోనే ఉంటుంది. ప్లాస్మాలోని విద్యుత్తు హఠాత్తుగా తెగిపోయే ప్రమాదం దీనిలో లేదు గాని తీగచుట్టలను తయారుచేయడం చాలా కష్టం. జర్మనీలో 2015లో పనిచేయ నారంభించిన వెండెల్‌స్టైన్ 7-ఎక్స్‌లో వంకరలు తిరిగిన చుట్టలే 50 ఉన్నాయి.

== వృత్తం నుండి డి అక్షరం వరకు ==
తొలి టోకమాక్‌లలో ప్లాస్మాను అడ్డంగా కోసి చూస్తే వృత్తంగా ఉండేది. దానిని నిలువుగా సాగదీసి ఆంగ్లాక్షరం 'డి' ఆకారానికి తెస్తే, అంతే క్షేత్రంలో ఎక్కువ విద్యుత్తును, ఎక్కువ పీడనాన్ని నిలపవచ్చును. బలరేఖలు స్థిరత్వం ఎక్కువగా ఉండే లోపలి వైపున ఎక్కువ దూరం సాగడం దీనికి ఒక కారణం.

ఈ లాభానికి మూల్యం ఉన్నది. సాగదీయడానికి పైన, కింద అమర్చిన తీగచుట్టలు ప్లాస్మాను చెరొక వైపు లాగుతుంటాయి. అది కొద్దిగా పైకి జరిగితే పై చుట్ట మరింత బలంగా లాగుతుంది. అరచేతిలో కర్రను నిలబెట్టే ఆట వంటిదే ఇది. మిల్లీసెకండ్లలో సరిదిద్దకపోతే ప్లాస్మా గోడను కొడుతుంది. పెద్ద యంత్రాలలో అప్పుడు గోడ పలకలు నిజంగానే కరగవచ్చును.

ఆకృతిని ఇంకా మార్చి, అంచున బలరేఖలు ఒకదానినొకటి ఖండించుకునే బిందువును ఏర్పరిస్తే, బయటపడిన వేడిని, మలినాలను డైవర్టర్ అనే భాగానికి మళ్ళించవచ్చును. 1982లో జర్మనీలోని ఆస్డెక్స్ యంత్రంలో ఫ్రిట్జ్ వాగ్నర్ బృందం ఇటువంటి అమరికలోనే బంధనం హఠాత్తుగా దాదాపు రెట్టింపు కావడం గమనించింది.

== భారతదేశంలో ==
1989లో మొదలైన ఆదిత్య వృత్తాకార ప్లాస్మా గల టోకమాక్. దాని పెద్ద వ్యాసార్ధం 75 సెం.మీ., చిన్న వ్యాసార్ధం 25 సెం.మీ. తరువాత దీర్ఘచతురస్రాకారపు శూన్యపాత్రను తీసివేసి వృత్తాకారపు పాత్రను అమర్చి, మిగిలిన చోటులో డైవర్టర్ తీగచుట్టలను ఇమిడ్చారు. ఈ విధంగా మారిన ఆదిత్య-యు 2016లో పని ప్రారంభించింది. అతివాహక తీగచుట్టలు గల ఎస్.ఎస్.టి.-1లో తొలి ప్లాస్మా 2013లో ఏర్పడింది. దీనిని మొదటి నుండి డి ఆకారపు ప్లాస్మా కొరకే రూపొందించారు.

ఫ్రాన్సులో నిర్మాణంలో ఉన్న ఈటర్‌లో భారతదేశం భాగస్వామి. అందులో వలయం చుట్టూ 18 తీగచుట్టలు ఉంటాయి. చుట్టకూ చుట్టకూ నడుమ క్షేత్రం కొద్దిగా తగ్గి అలల వలె హెచ్చుతగ్గులు ఏర్పడతాయి. వాటి గుండా వేగవంతమైన కణాలు జారిపోగలవు. ఈ లోపాన్ని తగ్గించడానికి పాత్ర జంట గోడల నడుమ అయస్కాంత గుణం గల ఉక్కు పలకలను పేరుస్తారు. ఆ పలకలతో కూడిన కవచ భాగాలు మన దేశం వాటాగా తయారయ్యాయి.