ఓడలో వచ్చిన పిల్లి: ఆస్ట్రేలియాలో ఒక చిన్న చరిత్ర

ఈ సంచికలో గుడుల గురించి, నాట్యం గురించి, తెలుగు వైభవం గురించి పెద్దలు వ్రాస్తారు. మేము పిల్లిని గురించి వ్రాయ పూనుకున్నాము. పాఠకులు నవ్వుకోవచ్చును. కాని మన ఇండ్లలో సోఫా మీద నిద్రపోయే ఈ జంతువు చరిత్రను కొంచెం తవ్వి చూస్తే అందులో ఓడలున్నవి, చెరకు తోటలున్నవి, మన తాతల కథ కూడా కొంత ఉన్నది. మాది సాయంకాలపు తరగతిలో నేర్చుకున్న తెలుగు. తప్పులుంటే మన్నించ ప్రార్థన.

మా తాత మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఫిజీలో దిగినాడు. మద్రాసు నుండి ఫిజీకి కూలీల ఓడలు 1903లో మొదలై 1916 వరకు నడిచినవి. చెరకు ఉన్న చోట ఎలుకలుంటవి. ఆ ఎలుకలను చంపుటకు తోటల దొరలు 1883లోనే ముంగిసను ఫిజీకి తెప్పించినారు. ముంగిస ఎలుకలతో ఆగలేదు. కోళ్ళను, నేల మీద గూడు కట్టే పక్షులను కూడా పట్టింది. మన కథల్లో పామును చంపి పసిబిడ్డను కాచిన ముంగిస అక్కడ దొంగ అయింది. తప్పు ముంగిసదా, తెచ్చినవారిదా? ఈ ప్రశ్న ఈ వ్యాసంలో మళ్ళీ వస్తుంది.

మా ఇంట్లో మాట్లాడినది ఫిజీ హిందీ. పిల్లిని "బిల్లీ" అనేవారము. పక్క ఊరి ఫిజీవారు "పూసి" అనేవారు. "పిల్లి" అనే మాట మా అవ్వ నోట ఒక్క సామెతలోనే విన్నాము: పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. దాని అర్థం మాకు సిడ్నీలో తెలుగు తరగతికి పోయిన తరువాత గాని పూర్తిగా తెలియలేదు.

ఇక ఆస్ట్రేలియా సంగతి. ఈ ఖండంలో ఆదిలో పిల్లి జాతి లేదు. 1788లో ఖైదీలను తెచ్చిన మొదటి ఓడల వరుసతో పిల్లులు కూడా వచ్చినవి. ఓడలో పిల్లి వినోదానికి కాదు, ఉద్యోగానికి. ధాన్యపు బస్తాలను, తాళ్ళను, తెరచాపలను ఎలుకల నుండి కాపాడటమే దాని పని.

ఆ ఉద్యోగులలో అందరికంటె పేరు పొందినది ట్రిమ్. ఇది మాథ్యూ ఫ్లిండర్స్ అనే నావికుని పిల్లి. 1799లో రిలయన్స్ అనే ఓడ మీద, నడిసముద్రంలో పుట్టింది. ఒళ్ళు నలుపు, పాదాలు తెలుపు. కూనగా ఉన్నప్పుడు సముద్రంలో పడి, ఈదుకుంటూ వచ్చి, తాడు పట్టుకుని పైకి ఎక్కిందట. ఇన్వెస్టిగేటర్ ఓడలో ఫ్లిండర్స్ 1802, 1803 సంవత్సరాలలో ఈ ఖండాన్ని చుట్టి వచ్చినప్పుడు ట్రిమ్ తోడుగా ఉన్నది. 1803లో వారు ఎక్కిన మరొక ఓడ దిబ్బకు కొట్టుకుని పగిలితే అక్కడా బ్రతికింది. తరువాత మారిషస్‌లో ఫ్రెంచివారు ఫ్లిండర్స్‌ను నిర్బంధించినారు. 1804లో ట్రిమ్ అక్కడే కనిపించకుండా పోయింది. కొన్ని దశాబ్దాల తరువాత ఆ ద్వీపానికే మన తెలుగు కూలీలు చేరినారు; కోరంగి రేవు పేరు మీద వారిని కోరంగివారని పిలిచినారు. సిడ్నీలో మిచెల్ గ్రంథాలయం కిటికీ గట్టు మీద 1996లో పెట్టిన ట్రిమ్ విగ్రహం ఉన్నది. పిల్లలను తీసుకుపోయి చూపండి.

ఇంతవరకు కథ ముద్దుగానే ఉన్నది. 1859లో థామస్ ఆస్టిన్ అనే ఆసామి వేట సరదాకు విక్టోరియాలో కుందేళ్ళను వదలినాడు. అవి దేశమంతా పాకి పచ్చికను నాకివేసినవి. వాటిని తగ్గించుటకని కొన్ని చోట్ల పిల్లులను అడవిలోనికి వదలినారు. కుందేళ్ళు తగ్గలేదు, పిల్లులు పెరిగినవి. నేడు దాదాపు ఖండమంతటా అడవి పిల్లులున్నవి. 2017లో ప్రచురించిన లెక్క ప్రకారం కరువు ఏడులలో 21 లక్షలు, వానలు బాగా పడిన ఏడులలో 63 లక్షలు. ఈ దేశంలో అంతరించిన చిన్న పాలిచ్చే జంతువులలో ఇరవైకి పైగా జాతుల నాశనానికి పిల్లి ఒక కారణమని శాస్త్రజ్ఞులు అంటారు. ఈస్టరుకు చాక్లెట్టు రూపంలో మన పిల్లలు తినే బిల్బీ కూడా పిల్లికి, నక్కకు భయపడి బ్రతుకుతున్నది.

అలాగని తొందరపడి ఏదీ చేయరాదు. దక్షిణ సముద్రంలోని మక్వారీ ద్వీపంలో 2000 నాటికి పిల్లులను పూర్తిగా తొలగించినారు. సముద్రపు పక్షులకు మేలు జరిగింది. కాని అడ్డు లేక కుందేళ్ళు పెరిగి కొండవాలులను బోడి చేసినవి. మళ్ళీ కుందేళ్ళను, ఎలుకలను తొలగించి, పని ముగిసిందని 2014లో ప్రకటించినారు. ఒక ముడి విప్పబోతే మరొకటి బిగిసింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పక తప్పదు. మాకు బుజ్జి అనే తెల్లపిల్లి ఉండేది. రాత్రి పగలు దాని ఇష్టం. ఒకనాడు గడప మీద చిలుక పిల్లను తెచ్చి పెట్టింది. మనుమరాలు ఏడ్చింది. మేము "పిల్లి గుణం పిల్లిది" అని సర్ది చెప్పినాము. తరువాతి వసంతంలో బుజ్జి వెనుక కాళ్ళు తడబడినవి, గొంతు మారింది. ఎండ దెబ్బ అనుకుని ఒక రాత్రి ఆగినాము. తెల్లవారి వైద్యుని దగ్గరకు పోతే పక్షవాతపు పిడుదు అని తేలింది. ఇది తూర్పు తీరపు పొదలలో ఉండే పురుగు. విరుగుడు మందు ఉన్నది, కాని ఆలస్యం చేసినది మేమే. బుజ్జి దక్కలేదు. దానికి స్వేచ్ఛ ఇచ్చినామనుకున్నాము. నిజానికి చూడటం మానినాము.

ఇప్పుడున్న పిల్లి ఇంట్లోనే ఉంటుంది. వరండాకు వల కట్టినాము. కూర్చోను గట్టు, గీరుకొనుటకు కొయ్య, రోజుకు కొంతసేపు ఆట ఉంటే దానికి దిగులు లేదు.

మన వంటింటివారికి నాలుగు మాటలు. తెనాలి రామలింగని పిల్లి వేడి పాలకు భయపడి పారిపోయింది. చల్లని పాలు కూడా చాలా పెద్ద పిల్లులకు అరగవు, నీళ్ళు మేలు. పెరుగన్నం మీద పిల్లిని పెంచరాదు. మాంసంలో దొరికే టారిన్ లేకుంటే దాని గుండె చెడుతుందని 1987లో తేలింది. మన అవ్వల పిల్లులు పెరుగన్నం తిన్నా మిగతాది ఎలుకలతో సరిపెట్టుకున్నవి. ఉల్లి, వెల్లుల్లి పడిన పప్పు, కూర పెట్టవద్దు. మనము జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ పిల్లికి ప్రాణాంతకం. పూలగుత్తిలోని లిల్లీ కూడా అంతే. తెల్ల పిల్లి చెవులకు ఈ దేశపు ఎండ వలన కాన్సరు రావచ్చును. కూనలు పుట్టకుండా శస్త్రచికిత్స తొందరగా చేయించండి.

ప్రభుత్వాలు కూడా కదిలినవి. కాన్‌బెర్రా రాజధాని ప్రాంతంలో 2022 జులై 1 నుండి పుట్టిన పిల్లులను ఇంటి హద్దులలోనే ఉంచాలి. న్యూ సౌత్ వేల్స్‌లో మైక్రోచిప్పు తప్పనిసరి.

పిల్లి తన ఇష్టంతో ఓడ ఎక్కలేదు. ఎవరో పనికి తెచ్చినారు, పని తీరిన తరువాత వదలివేసినారు. తోటల్లో గడువు తీరిన మా తాతల సంగతీ కొంత అటువంటిదే. కనుక పిల్లి మీద మాకు కోపం లేదు. కాని ఈ నేల మీద మనకంటె ముందునుండి ఉన్న బిల్బీకి, చిలుకకు మనము ఋణపడి ఉన్నాము. రెండింటినీ కాపాడటానికి కావలసినది ఒక వల, ఒక మూసిన తలుపు, కొంచెం ఓపిక. పిల్లి మెడలో గంట కట్టేదెవరని ఎలుకలు అడిగినవట. ఆ ప్రశ్నకు జవాబు మన ఇంట్లోనే ఉన్నది.

స్వస్తి.