మోటారుసైకిలు గొలుసూ, కందెన కథా

ఇండియా ప్రయాణానికి నెల ముందు నుంచీ ఫోన్లో కోరికల చిట్టా పెరుగుతూ ఉంటుంది. ఒకప్పుడు సెంటు సీసాలు, చాక్లెట్లు, కెమెరాలు అడిగేవాళ్ళు. ఈసారి మా పిన్ని కొడుకు అడిగింది చెయిన్ లూబ్ స్ప్రే. "అన్నయ్యా, అక్కడి డబ్బా అయితే చెయిను ఏళ్ళ తరబడి అరగదట" అన్నాడు. అసలు ఆ డబ్బా విమానం ఎక్కదు. మంటకి అంటుకునే ఇలాంటి స్ప్రేలు లగేజీలో పెట్టనివ్వరు. ఆ మాట చెప్పి ఊరుకోవచ్చు కానీ, వాడి ప్రశ్న మాత్రం మంచిదే. గొలుసుకి ఏ నూనె వెయ్యాలో తెలియాలంటే గొలుసు లోపల ఏముందో తెలియాలి. దానికో నూట నలభై ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది.

ముందు మన ఎడ్లబండి దగ్గర మొదలుపెడతాను. లూబ్రికెంట్ అన్న ఇంగ్లీషు మాటకి తెలుగులో మనం కొత్తగా పదం పుట్టించాల్సిన పనిలేదు. కందెన ఉండనే ఉంది. ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపితే నల్లగా, చిక్కగా తయారయ్యేదే కందెన. దాన్ని ఓ వెదురు గొట్టంలో నింపి బండికి వేలాడదీసుకునేవారు. ఇరుసు కిర్రుమంటే బండి ఆపి, కడసీల తీసి, చక్రాన్ని కొంచెం బయటికి లాగి, లోపల పూసి మళ్ళీ బిగించేవారు. ఆముదం పలచబడి కారిపోకుండా మసి పట్టి ఉంచేది. ఆముదం గొప్పతనం సీమదొరలకీ తెలుసు. 1909లో చార్ల్స్ వేక్‌ఫీల్డ్ కంపెనీ తన ఇంజన్ ఆయిలుకి కాస్ట్రాల్ అని పేరు పెట్టింది కాస్టర్ అంటే ఆముదం కాబట్టే.

ఇక్కడొక చిక్కు గమనించండి. పలచటి నూనె సందుల్లోకి దూరుతుంది కానీ నిలవదు. చిక్కటిది నిలుస్తుంది కానీ దూరదు. బండికి ఉన్నది ఒకటే ఇరుసు, చక్రం లాగి చేత్తో పూయచ్చు, కాబట్టి చిక్కటి కందెన సరిపోయింది. మోటారుసైకిలు గొలుసులో అలాంటి బుల్లి ఇరుసులు నూట చిల్లర ఉంటాయి. ఒక్కటీ విప్పడానికి వీల్లేదు. చెయిన్ లూబ్ చరిత్ర అంతా ఈ చిక్కు చుట్టూనే తిరిగింది.

ఇవాళ మనం వాడుతున్న గొలుసు మాంచెస్టర్లో పుట్టింది. హాన్స్ రెనాల్డ్ అనే స్విస్ ఇంజనీరు 1879లో అక్కడికి దగ్గర్లోని సాల్ఫర్డ్‌లో జేమ్స్ స్లేటర్ అనే ఆయన గొలుసుల కార్ఖానా కొన్నాడు. బట్టల మిల్లుల యంత్రాలకి గొలుసులు చెయ్యడం అక్కడి పని. పాత గొలుసుల్లో పిన్ను మీద భారమంతా సన్నటి పలకల అంచుల మీద పడి తొందరగా అరిగిపోయేది. 1880లో రెనాల్డ్ పిన్ను చుట్టూ బుష్ అనే చిన్న గొట్టం తొడిగి, దాని మీద తిరిగే రోలరు పెట్టి పేటెంటు తీసుకున్నాడు. భారం పిన్ను పొడుగునా పరుచుకుంది, గొలుసు ఆయుష్షు పెరిగింది. కానీ నూనె కావలసిన చోటు రోలరు చాటున, బుష్ లోపల, కంటికి కనపడకుండా దాక్కుంది.

"చెయిను సాగింది" అంటాడు మెకానిక్కు. నిజానికి ఇనుము సాగడం చాలా తక్కువ. పిన్నులూ బుష్‌లూ అరుగుతాయి. ఒక్కో కీలు దగ్గర వెంట్రుక మందం, అంటే మిల్లీమీటరులో పదోవంతు అరిగిందనుకోండి. వంద లింకులకి కలిపి సెంటీమీటరు పొడుగు పెరుగుతుంది. అప్పుడది పళ్ళ చక్రం మీద సరిగా కూర్చోదు, పళ్ళని కొక్కేల్లా అరగదీస్తుంది. మరీ వదిలేస్తే ఊడో తెగో వెనక చక్రాన్ని బిగబట్టేస్తుంది. హైవే మీద అది ప్రాణాల మీదకొచ్చే వ్యవహారం.

మొదట్లో మోటారుసైకిళ్ళలో చాలావాటికి గొలుసు కాకుండా బెల్టు ఉండేది. వానలో జారడం దాని బలహీనత. 1911లో ఐల్ ఆఫ్ మాన్ టీటీ పందేలని తొలిసారి కొండదారి మీదికి మార్చారు. ఆ ఏడు పెద్ద బళ్ళ పందెంలో మొదటి మూడు స్థానాలూ గొలుసుతో నడిచే ఇండియన్ బళ్ళవే. మన ఇండియా అనుకునేరు, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో తయారైన బండి అది. తర్వాత్తర్వాత గొలుసుదే రాజ్యమైంది.

గొలుసుతో పాటు దుమ్మూ, తుప్పూ వచ్చాయి. వీటికి అన్నిటికన్నా తెలివైన విరుగుడు కనిపెట్టింది, నా లెక్కలో, ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్‌లో జాన్ మార్‌స్టన్ నడిపిన సన్‌బీమ్ కంపెనీ. సైకిళ్ళకి అప్పటికే వాడుతున్న నూనె తొట్టి పద్ధతినే 1912లో మొదలైన తమ మోటారుసైకిళ్ళకీ పెట్టారు. గొలుసు చుట్టూ మూసేసిన డబ్బా, అడుగున కాస్త నూనె. గొలుసు తిరుగుతూ తన నూనె తనే పూసుకుంటుంది, దుమ్ము లోపలికి రాదు. కాకపోతే బరువూ, ఖరీదూ ఎక్కువ. చక్రం ఊడదియ్యాలంటే తలనొప్పి. అందుకని చాలామంది తయారీదారులు పైన ఓ రేకు ముక్క కప్పి చేతులు దులుపుకున్నారు.

ఇక శ్రమంతా యజమాని నెత్తిన పడింది. బ్రిటన్లో లింక్‌లైఫ్ అని గ్రాఫైటు కలిపిన గ్రీజు వెడల్పాటి డబ్బాలో దొరికేది. గొలుసు ఊడదీసి, కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, చుట్టచుట్టి ఆ డబ్బాలో ముంచి, వంటింటి పొయ్యి మీద సన్నసెగన పెట్టాలి. గ్రీజు కరిగి పలచబడి కీళ్ళలోకి దూరుతుంది. చల్లారాక అక్కడే గడ్డకట్టి నిలుస్తుంది. దూరడం, నిలవడం రెండూ ఒకే వస్తువుతో సాధించారన్నమాట. మసి కలిపిన మన కందెనకి ఇది దూరపు చుట్టమే. ఆ వాసనకి ఇంట్లో ఆడవాళ్ళు ఏమనుకునేవారో ఊహించుకోవచ్చు.

1969లో హోండా సీబీ 750 వచ్చింది. 67 గుర్రాల బలానికి గొలుసు తట్టుకోవాలి కదా, ఇంజన్ నూనెలోంచే కొద్దికొద్దిగా గొలుసు మీదికి కారే ఏర్పాటు పెట్టారు. గొలుసు తడిసింది నిజమే కానీ, వెనక చక్రం కూడా తడిసింది. అసలు పరిష్కారం 1970 దశకంలో ఓ-రింగు గొలుసులతో వచ్చింది. కార్ఖానాలోనే పిన్నుకీ బుష్‌కీ మధ్య గ్రీజు నింపి, పలకల మధ్య రబ్బరు రింగులు పెట్టి మూసేశారు. మనం ఏ నూనె వేసినా లోపలికి వెళ్ళదు, వెళ్ళక్కర్లేదు. బయట వేసే నూనెకి మిగిలిన పనులు మూడు: రోలర్లకీ పళ్ళకీ మధ్య రాపిడి తగ్గించడం, తుప్పు ఆపడం, రబ్బరు ఎండిపోకుండా చూడటం.

ఇప్పుడు మన దేశం సంగతి. మైసూరులో 1961 నుంచి తయారైన జావాకి గొలుసు పూర్తిగా కప్పేసి ఉండేది. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100కీ, 1994లో వచ్చిన స్ప్లెండర్‌కీ అంతే. బిగువు చూడటానికి కవరుకి ఓ రంధ్రం, దానికి రబ్బరు మూత. సన్‌బీమ్ లాగా అడుగున నూనె ఉండదు గానీ దుమ్మూ, బురదా, చీర చెంగూ, పంచె అంచూ దగ్గరికి రాకుండా ఆపేది. గ్రీజు పట్టించి వదిలేసినా చాలాకాలం నడిచేవి. మట్టిరోడ్ల దేశానికి అది సరైన ఇంజనీరింగు. స్పోర్ట్స్ బళ్ళ మోజు వచ్చాక గొలుసు బయటపడింది, ఆ వెనకే స్ప్రే డబ్బాల బేరమూ వచ్చింది. రోజంతా బండి మీదే బతికే డెలివరీ కుర్రాడికి చెయిన్ సెట్టు ఖర్చు చిన్నదేం కాదు.

స్ప్రే చెడ్డదని అనను. అందులో చిక్కటి నూనెనో మైనాన్నో పలచటి ద్రావకంలో కలుపుతారు. దూరాక ద్రావకం ఆవిరైపోయి చిక్కటిది మిగులుతుంది. పొయ్యి మీది డబ్బా చేసిన పనే, పొయ్యి లేకుండా. అందుకే కొట్టగానే బండి తియ్యకూడదు, రాత్రి వేసి పొద్దున్న తియ్యాలి. ఇక డబ్ల్యూడీ-40 సంగతి. 1953లో శాండియాగోలో తయారైన ఆ మందు పేరుకి అర్థమే నీటిని తరిమేది అని, 40 అంటే నలభయ్యో ప్రయత్నం. వానలో తడిసిన గొలుసు మీద నీళ్ళు తోలడానికి బాగుంటుంది కానీ, పలచన కనుక గొలుసు మీద ఎక్కువసేపు నిలిచే నూనె కాదు. ఇంజన్లోంచి తీసిన వాడేసిన ఆయిల్ పూసే అలవాటు మన షెడ్లలో ఉంది. అందులో లోహపు రజనూ, మసీ ఉంటాయి. ఇది అరగదీసే మసి, కందెన మసి కాదు.

మా వాడికి చెప్పిందేమిటంటే, పెట్రోలు బంకులో దొరికే 90 నంబరు గేర్ ఆయిల్ కొనుక్కో. హోండా వాళ్ళ పుస్తకాల్లో చాలావాటిలో రాసేదీ 80 లేదా 90 నంబరే. బండి కాస్త తిప్పి వచ్చి, ఇంజన్ ఆపి, స్టాండు వేసి, కిరసనాయిలూ మెత్తటి బ్రష్షుతో తుడువు. పెట్రోలూ, ఇనప బ్రష్షూ వద్దు, ఓ-రింగులు పాడవుతాయి. ఆరాక, చక్రం చేత్తో తిప్పుతూ కింది వరసకి లోపలివైపు నుంచి పలకల అంచుల దగ్గర చుక్కచుక్కగా వెయ్యి. తిరిగేటప్పుడు నూనె బయటికి విసురుకుంటుంది కాబట్టి లోపల వేసిందే గొలుసంతా పాకుతుంది. పావుగంట ఆగి పైపైది గుడ్డతో తుడిచెయ్యి. ఇంజన్ నడుస్తుండగా మాత్రం గొలుసు దగ్గర చెయ్యి పెట్టకు, అలా వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఐదొందల కిలోమీటర్లకి ఓసారీ, వానలో నడిపాకా ఇలా చేస్తే చాలు.

"మరి చెయిను నిగనిగలాడదు కదా అన్నయ్యా?" అన్నాడు. నిగనిగలాడే నూనెకి దుమ్ము అంటుకుంటుందిరా, ఇసకా నూనే కలిస్తే సానరాయే అని చెప్పాను.